ముద్ర లేని పాట

మా నౌపడ గురించి పాత కాగితాలు తిరగేస్తే ముఖ్యంగా రెండు సంగతులు తగులుతాయి. ఒకటి ఉప్పు, రెండోది రైలు. తెల్లదొరల కాలంలో ఉప్పు మీద పన్ను ఉండేది కాబట్టి మడుల్లోంచి పైకి తీసిన సరుక్కి తూకం, పద్దు, కాపలా అన్నీ ఉండేవి. రైలు సంగతీ అంతే. పర్లాకిమిడి రాజా వేయించిన రెండున్నర అడుగుల చిన్న లైను 1900లో నౌపడ నుంచి మొదలైందని, 1931లో గుణుపురం దాకా పొడిగించారని ఇప్పటికీ ఎవరైనా చెప్పగలరు. ఈ మడుల పక్కన, ఈ స్టేషన్ల చుట్టూ ఉన్న ఊళ్ళలో పాడి, వాయించి బతికినవాళ్ళు తరతరాలుగా ఉన్నారు. వాళ్ళ పేర్లకి మాత్రం అలాంటి పద్దు ఎవరూ పెట్టలేదు.

పద్దు లేకపోతే ఏమవుతుంది? పాట మిగులుతుంది, మనిషి మాయమవుతాడు. ఆ పాటకి ఎప్పుడైనా, ఎక్కడైనా డబ్బులొస్తే అవి పద్దులో పేరున్న వాడికి పోతాయి. సంగీతకారుల హక్కుల చరిత్రని ఈ ఒక్క కోణంలోంచి, అదీ టెక్కలి, పలాస, ఉద్దానం వైపు నిలబడి చూద్దామనే ఈ వ్యాసం.

కట్నం చదివింపు

మా వైపు వినపడే సంగీతం చాలానే ఉంది. గ్రామదేవత సంబరాల్లో డప్పులు, సన్నాయి మేళం, గుండెకి కట్టుకున్న గుళ్ళు వాయిస్తూ గెంతే తప్పెటగుళ్ళు, తూర్పు భాగవతం, ఇప్పుడైతే బ్యాండు మేళం. వీటన్నిటిలో నాకు ప్రత్యేకంగా అనిపించేది జముకు. చంకలో ఇరికించుకునే చిన్న గుమ్మటం, ఒక వైపు చర్మం, దాని మధ్యలోంచి బయటికి లాగిన ఒకే ఒక్క తీగ. తీగని బిగిస్తూ, వదులుతూ మీటితే అది మాట్లాడుతున్నట్టు మూలుగుతుంది. రాత్రంతా సాగే జముకుల కథకి అదే ప్రాణం.

కథ మధ్యలో ఒక ఆచారం ఉంది. ఎవరైనా లేచి పదో, వందో కట్నం ఇస్తే కథకుడు కథ ఆపి, ఫలానా ఊరు ఫలానా వారి అబ్బాయి ఫలానా ఆయన ఇంత ఇచ్చారని, వారి ఇల్లు చల్లగా ఉండాలని గట్టిగా చదువుతాడు. ఇచ్చినవాడి పేరు మైకులో పక్క వీధి దాకా వినిపిస్తుంది. ఆ కథ ఎవరు అల్లారో, ఆ వరస ఎవరు కట్టారో మాత్రం ఎవరూ చదవరు.

శిష్ట సంగీతంలో అలా జరగలేదు. అన్నమయ్య వేంకటేశుణ్ణి, క్షేత్రయ్య మువ్వగోపాలుణ్ణి, త్యాగరాజు తన పేరునే చివరి చరణంలో పెట్టుకున్నారు. దాన్నే ముద్ర అంటాం. కాపీరైటు చట్టాలు పుట్టకముందే పాటలోపల దాచిన దస్తావేజు అది. డబ్బులు తెచ్చిపెట్టలేదు గానీ పేరు చెరిగిపోకుండా కాపాడింది. జానపదం అని మనం పిలిచే వాటిలో ఎక్కువ పాటలకి ఆ ముద్ర లేదు.

టెక్కలి దగ్గర జముకు వాయించే ఒక పెద్దాయన్ని ఓసారి అడిగాను, "ఈ పాట ఎవరు కట్టారు తాతా?" అని.

"ఎవులు కడితే ఏటి బావూ? మా అయ్య కాడ నేర్సినాను. మా అయ్య ఎవుల కాడ నేర్సినాడో ఆయనకే ఎరిక."

"మరి మొన్న వచ్చి రికార్డు చేసుకున్నవాళ్ళు ఏమైనా ఇచ్చారా?"

"టీ తాగించినారు. సెల్లులో బాగొచ్చిందని సెప్పినారు."

ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. నాకు ఇబ్బందిగా అనిపించింది అందుకే. అడగాల్సింది ఒకటుందని తెలిస్తే కదా ఫిర్యాదు చేసేది.

మూడు పేర్లు

పేరుంటే సరిపోతుందా అంటే, ఈ జిల్లా చరిత్రే కాదంటుంది. నరసన్నపేట వైపు గోనెపాడులో 1893లో పుట్టిన గరిమెళ్ళ సత్యనారాయణ సహాయ నిరాకరణ రోజుల్లో రాసిన 'మాకొద్దీ తెల్లదొరతనము' తెలుగుదేశమంతా పాడుకుంది. తెలుగు రాని తెల్ల అధికారులు కూడా దానికి భయపడ్డారు, ఆయన్ని జైల్లో పెట్టారు. పాటకి పేరుంది, పేరుకి కీర్తి ఉంది. స్వతంత్రం వచ్చిన అయిదేళ్ళకి, 1952లో, మద్రాసులో ఆయన కటిక పేదరికంలో పోయాడు. ఆయన పాటలు పాడినవాళ్ళు లక్షలమంది ఉండొచ్చు, కానీ ఆయన తరపున ఒక్క చోట కూర్చుని లెక్క అడిగే సంస్థ ఏదీ లేదు.

రెండో పేరు సుబ్బారావు పాణిగ్రాహి. ఉద్దానంలోని బొడ్డపాడులో పూజారిగా ఉంటూ జముకుల కథని రైతుకూలీల పోరాటానికి వాహనం చేసుకున్నాడు. ఎల్లమ్మ కథలు చెప్పిన వాద్యంతో భూమి కథ చెప్పాడు. ఆయనకి పాట మీద హక్కు అనే ఆలోచనే వచ్చి ఉండదు. ఎంతమంది పాడితే అంత మంచిదనుకునే పాటలవి. 1969 డిసెంబరు 22న పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అదే ఏడు ఆగస్టులో బొంబాయిలో మరొకటి జరిగింది. సినిమా స్వరకర్తలు, గేయ రచయితల తరపున ప్రదర్శన రుసుములు వసూలు చేయడానికి ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ, అంటే ఐపీఆర్ఎస్, పుట్టింది. నాలుగు నెలల తేడాతో జరిగిన ఈ రెండింటికీ ఒకదాని గురించి ఒకదానికి తెలిసే అవకాశమే లేదు. ఒకచోట పాట అందరిదీ అయింది. ఇంకోచోట పాటకి యజమాని ఎవరో తేల్చుకునే పని మొదలైంది. మన దేశంలో పాట గురించిన రెండు ఆలోచనలూ అప్పట్నుంచీ ఎడమొహం పెడమొహంగానే ఉన్నాయి.

మూడో పేరు వంగపండు ప్రసాదరావు. పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో 1943లో పుట్టి, జననాట్యమండలితో కలిసి ఉత్తరాంధ్ర యాసని రాష్ట్రమంతా నడిపించాడు. 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ' ఎంతగా జనంలో కలిసిపోయిందంటే, బతికున్న కవి రాసిన పాటని కూడా చాలామంది జానపదమే అనుకున్నారు. 2009లో 'మగధీర' సినిమా పాటలో ఆ మాటలు వినిపించినప్పుడు, నన్ను అడగలేదేమని వంగపండు బయటికొచ్చి నిలదీశాడు. ఆయన వంగపండు కాబట్టి పత్రికలు రాశాయి, టీవీలు వచ్చాయి. అదే గొంతుతో టెక్కలి తాత అడిగితే వినేవాళ్ళెవరు?

ఈ ముగ్గురినీ పక్కపక్కన పెడితే నాకు తేలింది ఇది. పేరు కావాలి, కానీ అదొక్కటే చాలదు. పేరు వెనక పదిమంది ఉండాలి.

పదిమంది ఉంటే

1847లో పారిస్‌లో ఎర్నెస్ట్ బుర్జే అనే స్వరకర్త ఒక కెఫేకి వెళ్ళాడు. అక్కడ తన పాటే వాయిస్తున్నారు. బిల్లు తెస్తే కట్టనన్నాడు. నా పాటకి నువ్వు డబ్బులివ్వనప్పుడు నీ పానీయానికి నేనెందుకివ్వాలన్నాడు. కోర్టు ఆయన పక్షం వహించింది. కథ అక్కడితో ఆగితే అదొక సరదా సంఘటనగా మిగిలేది. పారిస్‌లో ఉన్న కెఫేలన్నిటికీ ఒక్క మనిషి తిరగలేడు కదా. అందుకే 1851లో సాసెమ్ అనే సంఘం పెట్టారు. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇదే పని మన దక్షిణాదిలో ఇంకో రూపంలో చేసినవాడు ఎం.బి. శ్రీనివాసన్. 1925లో చిత్తూరులో పుట్టిన ఈ కమ్యూనిస్టు, మలయాళ సినిమాలకి ఎక్కువగా సంగీతం ఇచ్చాడు. మద్రాసు యూత్ కాయిర్ పెట్టి వందలమంది చేత బృందగానం పాడించాడు. వీటితోపాటు మద్రాసులో సినీ మ్యుజీషియన్స్ యూనియన్‌ని నిలబెట్టినవాడు కూడా ఆయనే. అప్పటి తెలుగు సినిమా పాట పుట్టింది మద్రాసులోనే. టైటిల్ కార్డులో సంగీత దర్శకుడి పేరుంటుంది. ఆ పాటలో ఫిడేలు వాయించిన ఇరవై మంది, తబలా ఇద్దరు, ఫ్లూటు ఒకరు తెర మీదికి రారు. వాళ్ళకున్న బలం ఒక్కటే. అందరూ కలిసి ఇంత రేటుకి తక్కువైతే రామనగలగడం, ఇన్ని గంటల తర్వాత ఇంకో కాల్‌షీట్ లెక్క అనగలగడం, బాకీ పెట్టిన నిర్మాతకి ఆ సంగతి గుర్తు చేయగలగడం.

ఇక్కడ రెండు వేర్వేరు పనులున్నాయని గమనించాలి. యూనియన్ అడిగేది కూలి, అంటే ఈ రోజు చేసిన పనికి ఈ రోజు డబ్బు. ఐపీఆర్ఎస్ లాంటి సొసైటీ అడిగేది రాయల్టీ. ఆ పని మళ్ళీ మళ్ళీ అమ్ముడైనప్పుడల్లా అందులో వాటా. మొదటిదానికి రికార్డింగ్ రోజున హాజరుపట్టీ చాలు. రెండోదానికి ఆ హాజరుపట్టీ నలభై ఏళ్ళ తర్వాత కూడా ఉండాలి.

రాయల్టీ పోరాటం అంత తేలిగ్గా సాగలేదు. ఐపీఆర్ఎస్ రుసుములు ప్రకటించగానే నిర్మాతలు అడ్డుపడ్డారు. కాపీరైట్ బోర్డు సొసైటీ వైపు తీర్పిచ్చింది, కలకత్తా హైకోర్టు కొట్టేసింది, 1977లో సుప్రీం కోర్టు నిర్మాతల పక్షాన తేల్చింది. డబ్బిచ్చి సినిమా కోసం పాట చేయించుకుంటే, వేరే ఒప్పందం లేనంతవరకూ, మొదటి హక్కుదారు నిర్మాతే అంది. అదే కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ విడిగా ఒక చిన్న నోటు రాశాడు. మన సంగీతంలో ప్రాణం పాడేవాడి గొంతులో ఉంటుంది, మన చట్టం ఆ గాయకుణ్ణే వదిలేసింది, పార్లమెంటు ఈ సంగతి చూడాలి అన్నది దాని సారాంశం.

ఎందుకన్నాడో చట్టం చదివితే తెలుస్తుంది. 1957 కాపీరైటు చట్టం ప్రకారం 'సంగీత రచన' అంటే అచ్చులోనో, రాతలోనో, గీతల రూపంలోనో ఉన్న స్వరం. కాగితం మీదికి ఎక్కని వరస సంగీతమే కాదన్నమాట! రాత్రంతా ఊరిని కూర్చోబెట్టిన జముకుల కథ 1957 నుంచి 1994 దాకా ఈ దేశపు చట్టం లెక్కలో సంగీత రచన కాదు.

పాములవాడికీ చోటుంది

1994లో చట్టం మారింది. సంగీతానికి కాగితం అక్కర్లేదన్నారు. అంతకన్నా ముఖ్యంగా, ప్రదర్శకుల హక్కు అనే కొత్త హక్కుని తెచ్చారు. ప్రదర్శకుడంటే ఎవరో చెప్పే నిర్వచనాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ముచ్చటేస్తుంది. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, దొమ్మరాట వాడు, గారడీవాడు, పాములవాడు, ఉపన్యాసకుడు, ఇంకా ప్రదర్శన చేసే ఎవరైనా. మొదట పాతికేళ్ళన్న గడువుని 1999లో యాభై ఏళ్ళు చేశారు. 2012 సవరణ ఇంకో అడుగు వేసింది. ఒక ప్రదర్శనని రికార్డు చేయాలన్నా, జనానికి చేరవేయాలన్నా ఆ ప్రదర్శకుడి అనుమతి కావాలి. సినిమాలో వాడుకోడానికి రాతపూర్వకంగా ఒప్పుకున్నవాడికి కూడా, దాన్ని వ్యాపారానికి వాడితే రాయల్టీ రావాలి. గేయ రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాని నిర్మాతకి రాసిచ్చేయడం కూడా ఇక కుదరదు. దీనికోసం రాజ్యసభలో గట్టిగా వాదించింది జావేద్ అఖ్తర్.

దీని అర్థం ఒక్కసారి ఆలోచించండి. టెక్కలి తాత ఆ పాట తనదని నిరూపించుకోనక్కర్లేదు. ఎవరు కట్టారో తెలియక్కర్లేదు. పాట ఎవరిదైనా కానీ, ఆ రోజు పాడిన ఆ పాడడం ఆయనది. దానికి రిజిస్ట్రేషన్ కూడా అవసరం లేదు, పాడిన క్షణంలోనే పుట్టే హక్కు అది. మనం సాధారణంగా చట్టం లేదు, చట్టం రావాలి అంటుంటాం. ఈ విషయంలో చట్టం వచ్చి ముప్పై ఏళ్ళయింది. రానిది సంఘం. సినిమా గాయకులు 2013లో కలిసికట్టుగా ఇస్రా అనే సొసైటీని రిజిస్టర్ చేయించుకుని తమ వాటా అడగడం మొదలుపెట్టారు, తర్వాత అందులోకి వాద్యకారులూ చేరారు. జముకు, తప్పెటగుళ్ళు, డప్పు, సన్నాయి వాళ్ళ తరపున ఒప్పంద పత్రం చదివి, సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడిగే మనిషి ఊళ్ళో ఇంకా లేడు.

ప్రభుత్వం పింఛను ఇస్తోంది కదా అంటారు. ఇస్తోంది, మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో డప్పు కళాకారుల పింఛను 2024 జూలై నుంచి నెలకి 4,000. కానీ అది వయసుని చూసి వచ్చే ఆసరా. వాయించిన దానికి వచ్చే వాటా వేరు.

ఖాళీ గడి

నేను రోజూ చేసే పని డేటాబేసులతో. అందుకని ఈ గొడవంతా నాకు ఒక పట్టికలా కనపడుతుంది. స్ట్రీమింగ్ సర్వీసుల్లో ప్రతి రికార్డింగుకీ ఐఎస్ఆర్సీ అనే పన్నెండు అక్షరాల కోడ్ ఉంటుంది. దాని పక్కన గాయకుడు, గేయ రచయిత, స్వరకర్త, లేబుల్ అనే గడులు. ఫోన్లో ఎవరైనా పాట నొక్కితే ఆ గడుల్లో ఉన్న పేర్లని బట్టి డబ్బు పంపకం జరుగుతుంది. రచయిత గడిలో 'జానపదం' లేదా 'సంప్రదాయం' అని రాస్తే కంప్యూటర్‌కి అది ఖాళీ కిందే లెక్క, 'జానపదం'కి బ్యాంకు ఖాతా ఉండదు కాబట్టి. ఆ వాటా మాయమైపోదు, పక్క గడుల వైపు జరుగుతుంది.

యూట్యూబ్ కంటెంట్ ఐడీ ఇంకో మెట్టు పైన ఉంది. ఒక సంస్థ తన రికార్డింగుని మూలంగా నమోదు చేసుకుంటే, దానికి పోలిన ధ్వని ఎక్కడున్నా యంత్రం పట్టుకుంటుంది. ఎవరు ముందు పాడారన్నది దానికి తెలియదు, ఎవరు ముందు నమోదు చేశారన్నదే తెలుసు. అంటే రికార్డు చేసుకెళ్ళినవాళ్ళు ముందు నమోదు చేసి, ఆ తర్వాత తాత మనవడు అదే ఆడియోని తన ఛానల్లో పెడితే, ఆ ప్రకటనల డబ్బు తాతకి దక్కకపోవచ్చు. ఇందులో ఎవరి కుట్రా అక్కర్లేదు, ఒక గడి ఖాళీగా ఉంటే చాలు.

2020లో వచ్చిన 'పలాస 1978' తర్వాత మా వైపు పాటలకి గిరాకీ పెరిగింది. కరుణకుమార్ తీసిన ఆ సినిమా జానపద కళాకారుల ఇంట్లో పుట్టిన అన్నదమ్ముల కథ. రఘు కుంచె సంగీతంలో 'నాది నక్కిలీసు గొలుసు' ప్రతి ఫోన్లోనూ మోగింది. హైదరాబాదు ఆఫీసు పార్టీలో నా యాసలో పాట వినపడితే నాకు ఒళ్ళు పులకరించింది, దాచుకోను. సినిమాలోకి రావడం తప్పు కాదు. వచ్చేటప్పుడు ఆ యాస వెంట మనుషులు కూడా రావాలన్నదే నా పేచీ.

పాటకి కంచె వేస్తామా?

ఈ వాదన అంతా విన్న ఒక స్నేహితుడు, "ఇలా అయితే రేపు పెళ్ళిలో పాట పాడుకోవాలన్నా రసీదు కావాలంటారేమో" అన్నాడు. భయం నిజమైనదే. ఘనాలో 2005 చట్టం జానపదాన్ని దేశాధ్యక్షుడి చేతికి అప్పగించింది, ప్రజల తరపున ధర్మకర్తగా. దాంతో సొంత అమ్మమ్మ పాటని రికార్డు చేసుకోవాలన్నా ప్రభుత్వ అనుమతి అడగాలా అని అక్కడి సంగీతకారులే తలలు పట్టుకున్నారు. అలాంటి కంచె మనకొద్దు. పాణిగ్రాహి పాట అందరిదీ కావాలనే పాడాడు, అది అలాగే ఉండాలి.

కానీ 'అందరిదీ' అన్న మాట ఎవరి నోటి నుంచి వస్తోందో చూసుకోవాలి. దక్షిణాఫ్రికాలో సోలమన్ లిండా 1939లో 'ఎంబూబే' రికార్డు చేశాడు. ఆ వరస అమెరికా చేరేసరికి పేరులేని ఆఫ్రికన్ జానపదం అయిపోయింది, తర్వాత వేరేవాళ్ళ పేర్లతో ప్రపంచమంతా మోగింది. ఆయన చేతికొచ్చింది పది షిల్లింగులు, 1962లో బీదవాడిగానే పోయాడు. కుటుంబానికి న్యాయం లాంటిది 2006లో జరిగిన ఒప్పందంతో గానీ దక్కలేదు. అక్కడ 'జానపదం' అన్న మాట పాటని స్వేచ్ఛగా ఉంచలేదు, హక్కుదారుడి పేరుని తుడవడానికి పనికొచ్చింది.

పేరు దొరకని పాటకి ఏం చేయాలన్న దానికీ చరిత్రలో ఒక దారి ఉంది. 1942 ఆగస్టు 1న అమెరికా సంగీతకారుల సమాఖ్య, జేమ్స్ పెట్రిల్లో నాయకత్వంలో, రికార్డింగులు ఆపేసింది. రికార్డులొచ్చి ప్రత్యక్షంగా వాయించేవాళ్ళ పొట్ట కొడుతున్నాయన్నది వాళ్ళ బాధ. రెండేళ్ళకి పైగా సమ్మె సాగింది. పెద్ద కంపెనీలు దిగొచ్చాక, అమ్మిన ప్రతి రికార్డుకీ కొంత చొప్పున ఒక ఉమ్మడి నిధికి కట్టడం మొదలైంది. ఆ నిధితో ఊళ్ళలో ఉచిత కచేరీలు పెట్టించి, వాయించిన వాళ్ళకి కూలి ఇచ్చారు. ఫలానా పాటకి ఫలానా మనిషి అని తేల్చనక్కర్లేని పద్ధతి అది.

మన దేశంలోనే ఇలాంటి ఆలోచన ఒక చోట ఉంది. 2002 జీవ వైవిధ్య చట్టం ప్రకారం ఒక కంపెనీ అడవి మొక్కనో, దాని గురించి స్థానికులకున్న తెలివినో వాడుకుని లాభపడితే, ఆ స్థానికులకి వాటా ఇవ్వాలి. ఉద్దానంలో మొలిచే మొక్కకి ఉన్న ఈ పాటి భద్రత ఉద్దానంలో మొలిచిన పాటకి లేదు.

ఒక నోటుపుస్తకం

కాబట్టి రెండు పనులు. కట్టినవాడి పేరు తెలియని వరసకి ఉమ్మడి నిధి, అది పెద్దల స్థాయిలో తేలాల్సింది, టైము పడుతుంది. పాడినవాడికి పాడిన హక్కు, దీనికి ఇప్పుడే మొదలుపెట్టొచ్చు. ఊరి మేళాలన్నీ కలిసి 2001 ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఒక సంఘం పెట్టుకోవచ్చు. రాయల్టీ వసూలు చేసే లైసెన్సు దానికి ఉండదు, అది కాపీరైటు చట్టం కింద వేరే సంగతి. అయినా రికార్డింగుకి ఒక కనీస రేటు పెట్టడానికి, ఒక పేజీ తెలుగు ఒప్పంద పత్రం తయారు చేయడానికి, సంతకం చేయొద్దని గట్టిగా చెప్పడానికి ఆ సంఘం చాలు. ఎం.బి. శ్రీనివాసన్ మద్రాసులో చేసిన పని స్వభావం ఇదే.

దీంట్లో మనలాంటి చదువుకున్నవాళ్ళం, సెలవులకి ఊరెళ్ళి ఫోన్లో వీడియో తీసుకునేవాళ్ళం చేయగలిగింది కూడా ఉంది. రికార్డు బటన్ నొక్కేముందు అనుమతి అడగడం. తర్వాత అయిదు సంగతులు రాసుకోవడం: పాడినవారి పేరు, పక్కన వాయించిన, వంత పాడిన ప్రతి ఒక్కరి పేరు, ఊరు, తేదీ, ఈ పాట ఎవరి దగ్గర నేర్చుకున్నారన్నది. ఆ రాసింది వీడియో కిందకి ఎక్కించి, ఒక కాపీ వాళ్ళకి ఇవ్వడం. ముప్పై ఏళ్ళ తర్వాత ఎవరైనా ఆ పాటని వెతుక్కుంటూ వస్తే దొరికే దస్తావేజు ఆ అయిదు వరసలే.

పోయిన సంక్రాంతికి నేను ఒక నోటుపుస్తకం కొన్నాను. ఇప్పటికి అందులో పద్నాలుగు పేర్లున్నాయి. 'ఎవరి దగ్గర నేర్చుకున్నారు' అన్న చోట ఎక్కువమంది చెప్పింది తండ్రి పేరో, మేనమామ పేరో. ముగ్గురు మాత్రం అమ్మ పేరు చెప్పారు. అమ్మలెప్పుడూ మేళంతో బయటికి వెళ్ళలేదట, ఉప్పు మడుల్లో పని చేస్తూ పాడేవారట.